పాశ్చాత్య సంగీతములో ఒక మేలుకొలుపు

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో సంగీతమును గూర్చి మాటలాడెదమని ప్రకటించినప్పుడు త్యాగరాజస్వామిని గూర్చియో, అన్నమాచార్యులను గూర్చియో వినవచ్చునని మీలో పలువురు తలచియుందురు. ఈ మారు మేము జర్మనీ దేశపు దేవాలయ సంగీతములోని ఒక చిన్న రచనను ఎన్నుకొన్నాము. అరక్కోణములోని తెలుగువారికి ఆ సంగీతముతో పని యేమని అడుగవచ్చును. పని ఉన్నది. కొంచెము ఓపికతో విన్నచో అది ఎక్కడ ఉన్నదో మీకే తెలియును.

1524వ సంవత్సరమున జర్మనీలో 8 పాటలు గల ఒక చిన్న పుస్తకము వెలువడెను. మార్టిన్ లూథరు, ఆయన అనుచరులు వ్రాసిన భక్తికీర్తనలవి. అంతకుముందు ఆ దేవాలయములలో పూజాభాష లాటిను. పాడుట ఎక్కువగా గాయక బృందము వంతు. వినుట జనుల వంతు. లూథరు ఇంటిలో మాటలాడు భాషలోనే, సామాన్యులు సులువుగా ఎత్తుకొనగల వరుసలలో కీర్తనలు కట్టి, సభ యావత్తు పాడునట్లు చేసెను. ఇట్టి కీర్తనకు కోరల్ అని పేరు. రెండు మూడు తరములు గడచుసరికి ఈ కోరల్ కీర్తనలు గుడి గడప దాటి ఇండ్లలోనికిని బడులలోనికిని వచ్చినవి. తల్లి ఒడిలో విన్న వరుసనే బాలుడు బడిలో పాడెను; ఆదివారమునాడు గుడిలో నలుగురితో కలిసి మరల పాడెను.

గుడిలో ఈ కీర్తనలకు తోడు వాద్యము ఆర్గను. మన నాటకశాలలలోను, భజనమందిరములలోను కనబడు హార్మోనియము దీనికి దూరపు బంధువు. హార్మోనియములో గాలి చిన్న చిన్న ఇత్తడి రేకులను కంపింపజేయును. ఆర్గనులోనో గాలి గొట్టములలో ప్రవేశించి వానిలో ఎక్కువ భాగమును వేణువువలె మ్రోగించును. పెద్ద ఆర్గనులో గొట్టములు వేలకొలదిగా ఉండును. కొన్ని చిటికెన వ్రేలంత, కొన్ని తాటిచెట్టులో సగమంత. మెట్ల వరుసలు ఒకదానిపై నొకటి రెండో మూడో ఉండును. ఇవిగాక పాదములతో త్రొక్కుటకు వేరొక వరుస కలదు. విద్యుత్తు లేని ఆ దినములలో తిత్తులు త్రొక్కుటకు ప్రత్యేకముగా మనుషులుండిరి. చెన్నపట్టణములో సెయింట్ జార్జి కెథీడ్రలులోను, సెయింట్ ఆండ్రూసు కిర్కులోను ఇట్టి గొట్టపు ఆర్గనులు కలవు. సెలవులలో పిల్లలను తీసికొనిపోయి చూపదగినవి.

కీర్తన ప్రారంభించుటకు ముందు ఆర్గను విద్వాంసుడు ఆ కీర్తన వరుసను జనులకు జ్ఞప్తికి తెచ్చునట్లు కొంతసేపు వాయించును. దీనినే కోరల్ ప్రిల్యూడ్ అందురు; కీర్తనకు పూర్వరంగ మనవచ్చును. మన కచేరీలో కృతికి ముందు చేయు ఆలాపన వంటిదే యని మీకు తోచును. కాని ఒక భేదము కలదు. ఆలాపన రాగమును చూపును. ఆ రాగములో పది కృతులుండవచ్చును, గాయకుడు ఏది పాడునో శ్రోత కనిపెట్టలేడు. కోరల్ ప్రిల్యూడ్ అట్లుగాక ఒక్క కీర్తననే చూపును. ఆ కీర్తన వరుస అందులో మొదటినుండి చివరివరకు దాగియుండును. కొన్నిచోట్ల నగలు పెట్టుకొని, కొన్నిచోట్ల ఉన్నదున్నట్లుగా.

ఈ విద్యలో ఆరితేరినవాడు యోహాన్ సెబాస్టియన్ బాహ్. 1685లో పుట్టి 1750లో మరణించెను. యౌవనమున ఆర్న్‌ష్టాట్ అను చిన్న పట్టణములో ఆర్గను వాయించుచుండగా 1706లో గుడి పెద్దలు ఆయనను పిలిచి మందలించిరి. కీర్తనలో విపరీతపు స్వరములు చొప్పించి జనులను తికమక పెట్టుచున్నాడనునది ఒక నేరము. పూర్వరంగము మరీ దీర్ఘముగా వాయించుచున్నాడని చెప్పగా, కోపించి మరీ పొట్టిగా వాయింప సాగెననునది మరియొకటి! ఇరువది యేండ్ల పిల్లవాడు గదా. ఆ తరువాత వైమార్ నగరమున ఉన్నప్పుడు ఆయన ఒక చిన్న పుస్తకమునకు పూనుకొనెను. నేర్చుకొను ఆర్గను విద్యార్థికి పాఠముగా 164 కీర్తనలకు పూర్వరంగములు వ్రాయదలచి, ఒక్కొక్క పుటపై ఒక్కొక్క కీర్తన పేరు ముందే వ్రాసిపెట్టుకొనెను. పూర్తియైనవి 46 మాత్రమే. ఖాళీ పుటలు ఖాళీగానే మిగిలినవి.

మేము నేడు ఎన్నుకొన్నది ఆ పుస్తకములోనిది కాదు; ఆయన చివరి యేండ్లలో, 1748 ప్రాంతమున, షూబ్లర్ అను చెక్కుడు పనివాడు అచ్చువేసిన ఆరు రచనలలో మొదటిది. దానికి ఆధారమైన కీర్తన అంతకు నూటయేబది యేండ్ల పాతది. కీర్తన కథ కొంచెము వివరముగా చెప్పదగినది.

1597లో వెస్ట్‌ఫాలియా ప్రాంతమందలి ఊనా అను ఊరిలో మహామారి చెలరేగెను. కొలది నెలలలో వెయ్యిమందికి పైగా మరణించిరి. ఆ ఊరి పాదరి ఫిలిప్ నికోలాయ్ ప్రతిదినమును శవములను సాగనంపుచు, ఆ చీకటిలోనే ఒక పుస్తకము వ్రాసి 1599లో ప్రకటించెను. దాని పేరునకు అర్థము నిత్యజీవపు ఆనందదర్పణము. మరణముల నడుమ కూర్చుండి ఆనందమును గూర్చి వ్రాయుట సామాన్యమైన గుండెకు సాధ్యము కాదు. ఆ పుస్తకములో ఆయనే కట్టిన కీర్తన ఒకటి కలదు. కోటగోడపైనుండి కావలివాడు పిలుచుచున్నాడు, మేలుకొనుడనుట దాని ప్రారంభభావము. బైబిలులో పెండ్లికుమారుని రాకకై దీపములతో వేచియున్న పదిమంది కన్యకల కథ దానికి మూలము. ఆ పాట మూడు చరణముల మొదటి అక్షరములను వెనుకనుండి చదివిన 'గ్రాఫ్ త్సు వాల్డెక్', అనగా వాల్డెక్ ప్రభువు, అను బిరుదునకు పొడి అక్షరములు వచ్చును. నికోలాయ్ వద్ద చదువుకొని, 1598లో పదునైదేండ్ల ప్రాయముననే మరణించిన బాలుని గుర్తు అది. శిష్యుని పేరును గురువు పాటలో దాచిపెట్టెను.

మేలుకొలుపు అనునది మనకు క్రొత్త మాట కాదు. వేకువనే దైవమును మేలుకొలుపు పాటలు తెలుగులో లెక్కకు మిక్కిలి. మనము మేలుకొలుపులలో ఎక్కువగా దేవుని లేపుదుము. నికోలాయ్ మనుష్యులను లేపెను. అయితే మనుష్యులను లేపు పాటలు మనకును లేకపోలేదు. ధనుర్మాసమున ఈ ప్రాంతపు వైష్ణవ గృహములలో వినబడు తిరుప్పావైలో ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు గోదాదేవి నిద్రించుచున్న చెలులను ఒక్కొక్కరినే తలుపు తట్టి లేపును. లెక్కించి చూడుడు, వారును పదిమందియే. ఒకరిని చూచి ఒకరు వ్రాసినది కాదు. నిద్రపోవు ఆడుపిల్లలును, తెల్లవారుజామున వచ్చు గొప్ప అతిథియు ఏ దేశములోనైనను ఉందురు.

కీర్తన వరుస ఎట్లుండునో స్వరములలో చెప్పెదము: స గ ప ప ప ప ద ప. గాంధారము అంతర గాంధారము, ధైవతము చతుశ్శ్రుతి. శంకరాభరణ మేళపు స్వరములన్నమాట. రాగమే శంకరాభరణమని అనరాదు. గమకము లేదు, మన సంచారములు లేవు. కాని మన బడిలో సరళీస్వరములు దాటిన ఏ బిడ్డయైనను దీనిని ఒక పూటలో పట్టుకొనగలదు. మొదటి మూడు స్వరములు మెట్లెక్కినట్లుండి, నాలుగు పంచమములు ఒకచోట నిలబడి పిలిచినట్లుండును. కావలివాని కేక అదే.

బాహ్ ఈ కీర్తనను తీసికొని 1731 నవంబరు 25న లైప్జిగు నగరమున గుడి సభకై కంఠములకును వాద్యములకును పెద్ద రచన యొకటి చేసెను. అందులో రెండవ చరణపు భాగమునే తరువాత ఒక్క ఆర్గనుపై వాయించుటకు మార్చెను. అదే మా ఎన్నిక. ఇందులో మూడు ధారలు ఏకకాలమున నడచును. కుడిచేతిలో నాట్యమాడునట్టి ఒక వరుస; పెండ్లివారు తరలివచ్చుచున్న నడక అందులో వినబడునని కొందరందురు. పాదముల క్రింద గంభీరమైన మంద్రస్థాయి. ఈ రెండింటి నడుమ, ఎడమచేతిలో, నికోలాయ్ కీర్తన. అది తొందరపడదు, నాట్యపు వరుస ఎంత గంతులు వేసినను తన నడక మార్చుకొనదు. మన జంక్షనులో ఈ దృశ్యము మీరు ప్రతిదినమును చూచునదే. రేణిగుంట వైపు పోవునదొకటి, కాట్పాడి వైపు పోవునదొకటి, చెంగల్పట్టు వైపు పోవునదొకటి. వేని పట్టాలు వానివి, వేని వేగము వానిది, ఒకటి మరియొకదాని త్రోవకు అడ్డుపడదు. కాని రైళ్లు ఒకదానిని గూర్చి ఒకటి ఎరుగవు. బాహ్ రచనలో నాట్యపు వరుసకు కీర్తన రాక ముందే తెలిసినట్లుండును.

ఇక మేము ముఖ్యమని తలచిన విషయమునకు వచ్చుచున్నాము. ఈ రచనలో ఒక్క మాటయు లేదు. ఆర్గనునకు నోరు లేదు. అయినను లైప్జిగు శ్రోతకు అందులో మాటలు వినబడెను. కావలివారి పాట వినెను, హృదయము ఆనందముతో పొంగెను అను ఆ రెండవ చరణము, ఎడమచేతి వరుస ప్రారంభము కాగానే వాని లోపల తానై పాడుకొనెను. ఆ మాటలను బాహ్ వ్రాయలేదు. వానిలో ముందే వ్రాసిపెట్టినవారు వాని తల్లియు, వాని బడి పంతులును. రచనలో సగము కాగితముపై ఉన్నది, మిగిలిన సగము శ్రోత బాల్యములో ఉన్నది. ఆ బాల్యము లేనివానికి ఇది చక్కని నాదము మాత్రమే. చెవికి ఇంపుగా ఉండును, లోపల ఏదియు పలుకదు.

ఇది జర్మనుల గొప్ప యని చెప్పుట లేదు. నాదస్వరములోను మాట లేదు. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగములో స్థిరపడి, 1999లో దివంగతులైన షేక్ చినమౌలానా సాహెబుగారు త్యాగరాజకృతిని నాదస్వరముపై వాయించినప్పుడు సాహిత్యము తెలిసిన తెలుగువానికి ప్రతి అక్షరమును వినబడును. ఆయన పల్లవిని ఎత్తుకొన్న మరుక్షణమే సభలోని పెదవులు కదలును. ఆ పెదవులు కదలనిచో అది ఎంత గొప్ప వాద్యమైనను శ్రోతకు సగమే దక్కినట్లు.

పూర్వమొకమారు దీనికి వ్యతిరేకమైన పని మన ప్రక్కనే జరిగినది. రైలులో మనకు కొలది నిమిషముల దూరములో ఉన్న తిరుత్తణిలోనే ముత్తుస్వామి దీక్షితులవారు తొలి కృతిని రచించిరని సంప్రదాయము. వారు చెన్నపట్టణపు చెంతనున్న మణలిలో నివసించిన కాలమున ఆంగ్లేయుల బ్యాండు వరుసలు విని, వానికి సంస్కృత సాహిత్యము కట్టిరి. వానినే నోట్టుస్వరములందురు; సుమారు నలుబది కలవు. ఆంగ్లేయుల రాజగీతపు వరుసయు అందులో ఉన్నది! వారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు అదే కాలమున ఐరోపా వాద్యమైన వయొలినును నేర్చి మన సంగీతములో ప్రవేశపెట్టిరి. మాట తెలియని వరుస చేతికి దొరకినప్పుడు, దానిని ఊరక వదలక, తమ మాటతో నింపిన మహానుభావులు వారు.

జర్మనీకిని తెలుగునకును గల ముడి యొకటి ఇంకను చెప్పలేదు. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ 1719లో తరంగంబాడికి వచ్చి, 1726 తరువాత చెన్నపట్టణము చేరి, అచ్చట తెలుగు నేర్చెను. బైబిలును తెలుగులోనికి అనువదించెను. తెలుగునకు వ్యాకరణము వ్రాసెను. 1743లో స్వదేశమునకు మరలి హాలె పట్టణమున నివసించుచు, 1746, 1747 సంవత్సరములలో తెలుగు లిపిలో చిన్న పుస్తకములు అచ్చువేయించెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములుగా పండితులు వీనినే చెప్పుదురు. ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. ఈ పేరు వినగానే మీలో కొందరు నవ్వుచున్నారు. కారణము తెలిసినదే: కొంచుపోవుటయు, దోవయు పండితుల మాటలు కావు, మన అవ్వల మాటలు. షుల్జ్ వినిన తెలుగు గ్రంథములలోని తెలుగు కాదు, ఈ దక్షిణపు వాడలలోని తెలుగు.

అదే 1746లో అదే హాలె పట్టణములో, సంత ఎదుటనున్న పెద్ద గుడిలో, ఆర్గను విద్వాంసుడుగా చేరినవాడు బాహ్ పెద్దకుమారుడు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్. ఆ ఆర్గనును 1716లో పరీక్షించి మెచ్చుకొన్న ముగ్గురిలో ఒకడు తండ్రి బాహ్. షుల్జ్ 1760లో మరణించువరకు, పదునాలుగేండ్లు, తెలుగు చదువగలిగిన ఆ వృద్ధుడును, కోరల్ వాయించు ఆ కుమారుడును ఒకే ఊరి గాలి పీల్చిరి. తెలుగక్షరము అచ్చుగడిలోనికి ఎక్కిన ఊరిలోనే ఆ గొట్టములు మ్రోగుచుండెను.

మన తెలుగు క్రైస్తవ సోదరులు తరువాతి కాలమున ఆర్గను వరుసలతోనే తృప్తిపడలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు తెలుగు కీర్తనలను మన రాగతాళములలోనే కట్టిరి. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాట తలపై రాగము పేరును, తాళము పేరును కనబడును. పాట నిలువవలెనన్న అది ఇంటి భాషలో, ఇంటి వరుసలో ఉండవలెనని లూథరు కనిపెట్టినదే వారును కనిపెట్టిరి.

ఇప్పుడు మన ఇండ్ల మాట. రైలు ఉద్యోగములకై వచ్చి నిలిచిపోయిన కుటుంబములు మనలో కొన్ని. ఎల్లలు గీయక ముందునుండి ఇచ్చటనే ఉన్నవి కొన్ని. తిరుత్తణి 1960 వరకు ఆంధ్రప్రదేశములోని చిత్తూరు జిల్లాలో ఉండెను. మన అరక్కోణము 2019 నుండి రాణిపేట జిల్లాలోనిది. గీతలు మారుచుండును. 2006లో వచ్చిన చట్టమువలన తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమక్రమముగా పై తరగతులకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. దానిపై భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానములకు పోయిన సంగతి మీరెరుగుదురు. ఆ వివాదమును మేమిక్కడ విప్పబోము. తమిళము ఈ గడ్డ భాష. మన బిడ్డలు దానిని చక్కగా నేర్వవలయును, నేర్చుచున్నారు కూడ. మా చింత వేరు. మేము బడిలో తెలుగు అక్షరములు నేర్పగలము, పద్యము అప్పగింపజేయగలము, మార్కులు వేయగలము. కాని నాదస్వరము విన్నప్పుడు బిడ్డ లోపల పలుకవలసిన మాటను మేము వారమునకు కొన్ని గంటలలో పెట్టలేము. అది ఉయ్యాల దగ్గర, వంటయింటి గడప దగ్గర, అమ్మమ్మ ప్రక్కలో పడవలసినది.

గత కొన్నేండ్లుగా పిల్లలను చేర్చుకొనునప్పుడు మేము ఒక ప్రశ్న వేయుచున్నాము: ఇంటిలో నేర్చిన పాట ఏదైన పాడుదువా? ఒకప్పుడు లాలిపాటయో, గొబ్బిపాటయో, మంగళహారతియో, క్రైస్తవ కీర్తనయో ఏదో ఒకటి వచ్చుచుండెను. ఇప్పుడు పలువురు సినిమాపాట పాడుదురు. దానికి మాకు కోపము లేదు, అదియు పాటయే. కాని ఏమియు పాడక తల్లి ముఖము చూచు బిడ్డల సంఖ్య పెరుగుచున్నది. అప్పుడు తల్లియు మా ముఖము చూచును. ఆమెకు పాట రాక కాదు. ఇంటిలో తెలుగు పాడినచో బిడ్డ చదువునకు అడ్డమగునేమో యని ఆమెకు ఎవరో చెప్పిరి. మేము ఇరుగుపొరుగు భాషలలో పెరిగిన పిల్లలను ఏండ్ల తరబడి చూచుచున్నాము. పాట వలన చదువు చెడిన బిడ్డ మాకు తారసపడలేదు.

అందుచేత ఈ సంవత్సరము మేము ఒక పని తలపెట్టినాము. తరగతికొక నోటుపుస్తకము పెట్టెదము. ప్రతి బిడ్డయు తన ఇంటిలో పెద్దలు పాడు ఒక పాటను, వరుసతో నేర్చుకొని వచ్చి, తన చేతివ్రాతతో అందులో వ్రాయవలెను. ఏ మతపు పాటయైనను సరే, నాట్లలో పాడినదైనను, పెండ్లిలో పాడినదైనను సరే. పుట తలపై పాట నేర్పినవారి పేరుండును. బాహ్ వలె మేమును పుటలపై ముందే పిల్లల పేర్లు వ్రాసిపెట్టినాము. ఆయన పుస్తకములో మిగిలినన్ని ఖాళీ పుటలు మా పుస్తకములో మిగులకుండ చూచుట మీ పని.

చివరగా, ఇంతసేపు చెప్పిన రచనను వినిపించెదము. ముందు సంగీతోపాధ్యాయురాలుగారు ఐదవ తరగతి పిల్లలచేత కీర్తన వరుసను స్వరములతో రెండు మారులు పాడించెదరు. మీరును గొంతు కలుపవలెను. తరువాత ధ్వనిముద్రణ, నాలుగు నిమిషములకు కొంచెము పైన ఉండును. మొదట వచ్చునది నాట్యపు వరుస. అదియే కీర్తన యనుకొనవలదు. అది ఒక ఆవృత్తము ముగించు వేళకు, నడిమిస్థాయిలో, తొందర లేకుండ, స గ ప అని వినవచ్చును. విన్నవారు చేయి ఎత్తవలెనని పిల్లలకు చెప్పియున్నాము. పెద్దలును ఎత్తవచ్చును.